స్ప్లెండర్‌కు సామాన్ల ఏర్పాటు: ఆటోనగర్ ఫ్రేములు, బ్యాగుల ఆయన బెల్టులు, మిగతా సరంజామా

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. తిరుపతి ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించుకున్న సైడ్ ఫ్రేములకు (పక్క బ్యాగులు ఆనుకునే ఇనుప చట్రాలు) పదికి ఏడు. బస్టాండు దగ్గర బ్యాగులు రిపేరు చేసే ఆయన కుట్టిచ్చిన, సామాను కట్టుకునే బెల్టు లూపులకు పదికి తొమ్మిదిన్నర, ఆ అర మార్కు కూడా సాయంత్రం ఇస్తానని మర్నాడు ఇచ్చినందుకు తగ్గించింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన బంజీ నెట్‌కు, అంటే హుక్కులున్న సాగే తాళ్ల వలకు, రెండు, అదైనా హెల్మెట్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి.

బండి స్ప్లెండర్ ప్లస్, బీఎస్6, అంటే కొత్త పొగ నిబంధనలకు చేసినది. 97.2 సీసీ, 112 కిలోల బండి. దీని మీదే టెంటు, స్లీపింగ్ బ్యాగు, చిన్న స్టవ్వు, బట్టలు, కెమెరా వేసుకుని తలకోన, హార్స్‌లీ హిల్స్, అప్పుడప్పుడూ పలమనేరు మీదుగా బెంగళూరు పోయి వస్తుంటా. పెద్ద బండి కొనుక్కోవచ్చు కదా అంటారు. లీటరుకు అరవై పైన ఇస్తూ, ఏ ఊళ్లో ఆగినా మెకానిక్ దొరికే బండిని వదిలి ఈఎంఐ కట్టుకోవాల్సిన అవసరం నాకైతే కనబడలేదు. కాకపోతే ఒక ఇబ్బంది ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటి బండ్లకు ర్యాకులూ పెట్టెలూ కంపెనీవాళ్లే అమ్ముతారు, బయట కూడా బోలెడు దొరుకుతాయి. మన స్ప్లెండర్‌కు షాపుల్లో కనబడేవి ఎక్కువగా వ్యాపారానికి చేసినవే, పాల క్యాన్లకో, కూరగాయల బుట్టలకో, గ్యాస్ సిలిండరుకో. టూరింగ్ బ్యాగుకు సరిపడేది కావాలంటే చేయించుకోవాల్సిందే.

సామాను ఎట్లా కట్టాలని అడిగేవాళ్లంతా ఏ తాడు కొనాలని అడుగుతారు. తాడు సంగతి తర్వాత, దాన్ని దేనికి కడుతున్నాం అన్నదే నా లెక్కలో ముందు. కంపెనీ నుంచి వచ్చిన స్ప్లెండర్‌కు వెనక సీటు చుట్టూ పట్టుకోవడానికి గ్రాబ్ రైల్ ఉంటుంది, కింద ఫుట్‌రెస్టులు ఉంటాయి, అంతే. జనం హుక్కు తగిలించడానికి ఇండికేటర్ కాడ, నంబర్ ప్లేటు, మడ్‌గార్డు అంచు, ఏది దొరికితే అది వాడేస్తారు. ఇండికేటర్ కాడ వెనక ఉండేది రబ్బరు, మడ్‌గార్డు అంచు చేతితో వంచితే వంగే రేకు. అట్లాంటివాటికి కట్టి పది కిలోల బ్యాగు కదలకుండా ఉండాలంటే ఎట్లా ఉంటుంది?

బంజీ తాళ్ల మీద నాకున్న కోపం కూడా ఇక్కడిదే. సాగే తాడు బ్యాగును పై నుంచి అదిమి పెడుతుంది, కానీ పక్కకు జరగకుండా ఆపలేదు. బండి గుంతలో పడి లేచినప్పుడల్లా బ్యాగు ఒక్క క్షణం తేలుతుంది, తాడు సాగుతుంది, మళ్లీ కూర్చునేటప్పుడు వేలెడు పక్కకు కూర్చుంటుంది. పీలేరు దాకా పోయేసరికి బ్యాగు ఒక పక్కకు వాలి ఉంటుంది. బ్యాగు కింది భాగం అణిగితే తాడు వదులై హుక్కు దానంతటదే ఊడి వెనక చక్రంలోకి పోయే ప్రమాదం ఉంది, మా బ్యాచ్‌లో ఒకతని టెంటు సంచి అట్లాగే చైన్‌లో ఇరుక్కుని ముక్కలైంది, బండి నెమ్మదిగా పోతోంది కాబట్టి మనిషికి ఏమీ కాలేదు. ఇంకోటి, లాగి బిగించేటప్పుడు హుక్కు జారితే నేరుగా కంటికే వస్తుంది. తప్పనిసరై వాడాల్సి వస్తే మొహం పక్కకు పెట్టుకుని బిగించండి. నెట్ అయితే ఇంకా దండగ, ఆరు హుక్కులకు ఆరు చోట్లు వెతకాలి, తిరుపతి ఎండలో వదిలేస్తే ఒక్క వేసవికే లోపలి రబ్బరు సత్తువ పోతుంది.

దీని బదులు నేను చేయించుకున్నవి బెల్టు లూపులు. బయటి దేశాల్లో టూరింగ్ చేసేవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్నదే. బ్యాగుల పట్టీలకు వాడే బెల్టులోంచి చేతి పొడవులో సగం ఉండే ముక్కను మధ్యకు మడిచి, రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టి, ఆ కొసలో రంధ్రం చేసి, బండికి అప్పటికే ఉన్న గట్టి బోల్టు కింద వాషర్లతో బిగించేయడమే. బయటికి ఒక లూపు వేలాడుతుంది. సామాను లేనప్పుడు సీటు కిందికి తోసేస్తే కనబడదు. సామాను ఉన్నప్పుడు స్ట్రాపును దాంట్లోంచి దూర్చి లాగుతాం, హుక్కు అనే మాటే ఉండదు.

బ్యాగుల ఆయన దగ్గరికి పోయి నాలుగు ముక్కలు చూపించి ఇట్లా కుట్టాలన్నా అంటే, పైకీ కిందికీ చూసి, "ఏంది సామీ, కుక్కకు పట్టీనా?" అన్నాడు. బండికి అని చెప్పాక ఆయనే ఆసక్తిగా కూర్చుని నేను అడగని సలహాలు కూడా ఇచ్చాడు. మామూలు దారం వద్దని, సూట్‌కేసుల పట్టీలకు వాడే లావు నైలాన్ దారం వేశాడు. చతురస్రంగా చుట్టూ కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టమన్నాను, ఆయన రెండు సార్లు తిప్పి కుట్టాడు. కుట్టు లాగి చూస్తే బెల్టు సాగుతుందేమో కానీ కుట్టు కదలదు. యాత్రికుల బ్యాగులకు తెగిన జిప్పులూ ఊడిన పట్టీలూ రోజంతా బాగుచేసే చెయ్యి కదా, బరువు ఎక్కడ పడుతుందో ఆయనకు చెప్పాల్సిన పని లేదు. ఇట్లాంటి పని బైక్ యాక్సెసరీస్ అమ్మే షాపులో అడిగి చూశాను, కౌంటర్‌లో అబ్బాయి వినకుండానే బంజీ నెట్ తీసి చేతిలో పెట్టాడు.

బెల్టు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. స్కూలు బ్యాగులకు వేసే చవక బెల్టు ఎక్కువగా పాలీప్రొపిలీన్. తేలిగ్గా ఉంటుంది, నీళ్లు పీల్చదు, కానీ ఎండకు చివికిపోతుంది, వేడికి తొందరగా కరుగుతుంది. నైలాన్ గట్టిదే, కాకపోతే తడిస్తే కొంచెం సాగుతుంది, వానలో మీరు బిగించిన బిగువు వదులవుతుంది. పాలిస్టర్ అన్నిటికంటే నయం, సాగడం తక్కువ, ఎండకు ఓర్చుకుంటుంది. షాపువాళ్లకు ఈ తేడా చాలాసార్లు తెలియదు, అన్నిటినీ నైలాన్ బెల్టు అనే అంటారు. చిన్న ముక్క అడిగి తీసుకుని నీళ్ల గ్లాసులో వేసి, వేళ్లతో నలిపి గాలి పోగొట్టి చూడండి. పాలీప్రొపిలీన్ తేలుతుంది, మిగతా రెండూ మునుగుతాయి. నేను తీసుకున్నది 25 మిల్లీమీటర్ల వెడల్పుది, నల్లది.

రంధ్రం కత్తెరతో కోయకూడదు, కోస్తే పోగులు ఊడిపోతూనే ఉంటాయి. మేకును స్టవ్వు మీద ఎర్రగా కాల్చి గుచ్చితే అంచులు కరిగి అతుక్కుపోతాయి. ఆ పొగ మాత్రం పీల్చకండి, బయట కూర్చుని చేయండి. తర్వాత బెల్టుకు రెండు పక్కలా పెద్ద వాషర్లు పడాలి, లేకపోతే బోల్టు తల బెల్టును కొరికేస్తుంది. పైన రెండు లూపులు గ్రాబ్ రైల్ బోల్టుల దగ్గర, కింద ఎడమ పక్క ఒకటి వెనక ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ దగ్గర పెట్టాను. కింద కుడి పక్కకు బెల్టు వద్దు, అక్కడ సైలెన్సర్ ఉంది, ఇనుప డి-రింగు వేశాను. బెల్టు మందం వల్ల బోల్టు పొడవు చాలకపోతే కొంచెం పొడుగుది కొనాలి, తల మీద 8.8 అని గట్టిదనం గుర్తు అచ్చు ఉన్నదే అడగండి, నట్టు మాత్రం వణుకుకు వదులు కాని నైలాక్ నట్టు అడగండి. గుడ్డలాంటి వస్తువు మీద బిగించిన బోల్టు మొదట్లో కొంచెం వదులవుతుంది, బెల్టు అణుగుతుంది కదా. మొదటి దూరప్రయాణం నుంచి రాగానే స్పానరు వేసి చూడండి. షాక్ అబ్జార్బర్ నట్ల జోలికి, చక్రం ఇరుసు జోలికి మాత్రం పోవద్దు, అక్కడ కూడా లూపు పెట్టొచ్చని వీడియోల్లో చెప్పేవాళ్లున్నారు, వాళ్ల బండి వాళ్లిష్టం.

స్ట్రాపుల సంగతి తొందరగా చెప్తా. నొక్కితే వదిలే క్యామ్ బకిల్ ఉన్న పాలిస్టర్ స్ట్రాపులు రెండు చాలు. లారీలకు వాడే, పిడి ఆడించి టకటకమని బిగించే రాట్చెట్ స్ట్రాపులు బైకుకు ఎక్కువ, రెండు టకటకలు అదనంగా కొడితే బ్యాగులోని స్టవ్వు సొట్టపోతుంది. రాక్ స్ట్రాప్స్ అని వస్తాయి, సగం సాగేది సగం సాగనిది, బాగుంటాయి కానీ ఖరీదు. కొస మిగిలిన స్ట్రాపును వేలాడనివ్వకుండా చుట్టి దోపేయాలి, చక్రానికి అందేంత పొడవుంటే ఇంటి దగ్గరే కోసి కొసను కాల్చేయండి.

డబ్బులు అసలు పెట్టలేం అనుకునేవాళ్లకు సైకిల్ ట్యూబు. ఇది మన ఊళ్లలో తాతల నాటి నుంచీ ఉన్నదే, ఎవరూ రివ్యూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా. సైకిల్ షాపులో పంక్చర్లకు పనికిరాని పాత ట్యూబు అడిగితే ఉట్టికే ఇస్తారు, లేదా పది రూపాయలు. పొడవునా చీల్చి రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసుకుంటే ఇనుప హుక్కు లేని, జారని, గీతలు పడనివ్వని పట్టీ తయారు. రబ్బరు రబ్బరును పట్టుకుంటుంది కాబట్టి ముడి కూడా ఊడదు. అందుకే టెంటు కర్రల్లాంటి పొడుగు వస్తువులకు నేను ఇప్పటికీ ఇదే వాడతా. ఎండలో పగుళ్లిస్తే పారేసి ఇంకోటి కోసుకోవడమే.

ఇక ఫ్రేముల దగ్గరికి వద్దాం. సైడ్ ఫ్రేము అంటే వెనక రెండు పక్కలా వేలాడే బ్యాగు చక్రంలోకి, సైలెన్సర్ మీదికి పోకుండా ఆనుకోవడానికి పెట్టే ఇనుప చట్రం, మన రైడర్లు శాడిల్ స్టే అంటారు. నేను పోయిన షాపు గ్రిల్లులూ గేట్లూ చేసేది కాదు, బండ్లకు లెగ్ గార్డులూ క్యారియర్లూ చేసేది. ఇది ముఖ్యం, ఎందుకంటే గేటు చేసేవాడికి కదలని వస్తువు చేయడం వచ్చు, బండి మీద పెట్టింది రోజంతా వణుకుతూ ఉంటుంది. పేరు రాయను, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

మంచి సంగతులు ముందు. అట్ట ముక్కలు కోసుకుపోయాను, బ్యాగు ఎక్కడ దాకా వస్తుంది, సైలెన్సర్ నుంచి ఎంత ఎడం కావాలి అన్నది అట్ట మీదే గీసి చూపించాను. షాపు పెద్దాయన దాన్ని చూసి నవ్వకుండా బండికి పెట్టి చూసి, "కుడి పక్కది ఇంకో రెండు వేళ్లు బయటికి తీసుకోప్పా, వేడి తగుల్తాది" అన్నాడు. నిజమే, ఆ రెండు వేళ్లే తర్వాత బ్యాగును కాపాడాయి. రాడ్డు వద్దు పైపు వేద్దాం, బరువు తగ్గుతుంది అన్నదీ ఆయనే. అర అంగుళం రౌండు పైపు వేశాడు. మలుపుల దగ్గర కోసి అతికించకుండా వంచాడు, అతుకులు ఎంత తక్కువుంటే పగుళ్లు అంత తక్కువ. పైపు పైపును కలిసే చోట మూలల్లో చిన్న త్రికోణం ముక్కలు వేయమంటే వేశాడు.

అసలు కిటుకు రెండు ఫ్రేములనూ కలిపే అడ్డ పట్టీ. నంబర్ ప్లేటు వెనక, కనబడకుండా, ఎడమ ఫ్రేము నుంచి కుడి ఫ్రేముకు ఒక ఇనుప పట్టీ బోల్టులతో బిగించాలి. అది లేకపోతే బరువు వేలాడినప్పుడు రెండు ఫ్రేములూ లోపలికి, చక్రం వైపుకు వంగుతాయి, వణికి వణికి పై బోల్టు దగ్గర పగులు వస్తుంది. ఊళ్లో కనబడే విరిగిన శాడిల్ స్టేలు చూడండి, చాలావరకు పై బోల్టు పక్కనే విరిగి ఉంటాయి. అడ్డ పట్టీకి ఇంకో రెండు వందలు అడిగాడు, మారు మాట్లాడకుండా ఇచ్చా.

ఇప్పుడు తిట్లు. మొదటిది, పెద్దాయన టీకి పోయినప్పుడు పనిచేసే కుర్రాడు ఫ్రేమును నేరుగా ఛాసిస్‌కే వెల్డింగ్ పెట్టేయబోయాడు. "బోల్టులెందుకన్నా, ఊడిపోతాయి, టాక్ కొట్టేస్తే జన్మలో కదలదు" అని వాడి వాదన, టాక్ అంటే చుక్క వెల్డింగ్. ఛాసిస్ మీద వెల్డింగ్ పెడితే ఆ వేడికి పక్కనున్న లోహం గుణం మారుతుంది, పెయింట్ లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది, రేపు ఫ్రేము తీయాలంటే గ్రైండర్ పట్టాలి, ఇన్సూరెన్సువాడు ఒక ప్రశ్న వేస్తాడు. నా షరతు మొదటి నుంచీ ఒకటే, అంతా బోల్టులతోనే, బండికి ఉన్న రంధ్రాలతోనే. ఇంకోటి, బండి మీద పెట్టి కొలతకు చిన్న టాక్ కొట్టినా ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి. బీఎస్6 బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ డబ్బా ఈసీయూ ఉంటాయి, ఆర్క్ వెల్డింగ్ కరెంటు ఆ వైర్లలోకి పోతే ఆ డబ్బా ఖర్చు ఫ్రేము ఖర్చును మించిపోతుంది. కార్బురేటర్ బండ్ల కాలం అలవాటు వాళ్లకు, ఎవరూ తీయరు. పక్కనే నిలబడి తీయించాను, వీలైనంతవరకు ఫ్రేమును బండి మీద నుంచి దించి నేల మీదే అతికించమన్నాను.

రెండోది, ఒక రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు వచ్చింది. గడ్డపార పెట్టి పైపును వంచి బోల్టు దూర్చబోయారు. అట్లా బలవంతంగా కూర్చోబెట్టిన ఫ్రేము ఖాళీగా ఉన్నప్పుడే ఒత్తిడిలో ఉంటుంది, దాని మీద బరువు, దాని మీద గుంతలు. రౌండు ఫైలుతో రంధ్రాన్ని పొడిగించమంటే ముక్కుతూ చేశారు. మూడోది ఫినిషింగ్. వెల్డింగ్ మీద బొబ్బలు గ్రైండ్ చేయకుండానే నల్ల స్ప్రే కొట్టేశారు, తుప్పు పట్టకుండా ముందు వేసే రెడ్ ఆక్సైడ్ లేదు, ఏమీ లేదు. నవంబరు వానలకు అతుకుల దగ్గర తుప్పు కనబడింది. నేనే సాండ్ పేపరు పట్టి ప్రైమర్ వేసి మళ్లీ పెయింట్ చేసుకున్నా. పౌడర్ కోటింగ్ చేయించుకునే వీలుంటే ఆ షాపువాళ్లను పెయింట్ ముట్టుకోనివ్వకుండా ఉత్త ఇనుమే తీసుకోండి, ఓ వంద తగ్గించమనండి. రెండు గంటల్లో అయిపోతుందన్న పని పొద్దుపోయేదాకా సాగిందన్నది వేరే చెప్పాలా.

ఈ విషయంలో మనం ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలంటే పాలవాళ్ల దగ్గరే. చిత్తూరు వైపు పొద్దున్నే రోడ్డెక్కితే తెలుస్తుంది. సీటు మీదుగా వంగి రెండు పక్కలా దిగే ఇనుప కొక్కేల చట్రం, కింద ట్యూబు రబ్బరు చుట్టి ఉంటుంది, రెండు పక్కలా సమానంగా క్యాన్లు. బరువంతా కిందికి, చక్రం ఇరుసుకు దగ్గరగా. పని అయిపోగానే మొత్తం చట్రం ఎత్తి పక్కన పెట్టేస్తారు, సాయంత్రం అదే బండి మీద పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకుంటారు. పదివేలు పోసి కొన్న టాప్ బాక్సు సీటు వెనక, ఇరుసుకు అవతల, ఎత్తు మీద కూర్చుని ముందు చక్రాన్ని తేల్చేస్తుంటుంది. ఆ పెట్టెల మీద ఎంత బరువు పెట్టొచ్చో చిన్నక్షరాల్లో రాసి ఉంటుంది చూడండి, చాలావాటిలో అది 3 కిలోలో 5 కిలోలో. జనం పదిహేను కిలోలు కుక్కి హ్యాండిల్ ఊగుతోందంటారు.

తిరుపతివాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది, అలిపిరి. కొండకు బండి మీద పోతే అక్కడ తనిఖీ తప్పదు, బ్యాగు దించి స్కానింగుకు పెట్టాలి. వెనక బండ్లు బారులు తీరి హారన్లు కొడుతుంటే మీరు ఆరు ముడులు విప్పుకుంటూ నిలబడితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. లూపులూ క్యామ్ బకిల్సూ పెట్టుకున్నాక రెండు బకిల్స్ నొక్కితే బ్యాగు చేతిలో ఉంటుంది, మళ్లీ పెట్టడానికి నిమిషం పట్టదు. ఫ్రేములకు ఆనే సైడ్ బ్యాగులు కూడా సీటు మీదుగా రెండూ కలిసి ఉండే రకమే తీసుకున్నా, ఎత్తితే రెండూ ఒకేసారి వస్తాయి. బండికి శాశ్వతంగా బిగించి తాళం వేసే పెట్టె అయితే ఈ సుఖం ఉండదు. లోపల ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఉంటే అవి కూడా ముందే తీసేయండి, కొండ మీద నిషేధం.

దిగేటప్పుడు ఇంకో పరీక్ష. ఎక్కే దారి 1974 నాటిది, దిగేది 1944లో తెరిచిన పాత దారి, మలుపులన్నీ బిగుతుగా ఉంటాయి. వాలులో బ్రేకు కొట్టినప్పుడల్లా వెనక కట్టిన బ్యాగు వచ్చి మన వీపును తోస్తుంది. దీనికి పై నుంచి కట్టిన తాడు పనికిరాదు, వెనక్కు లాగి పట్టే కట్టు కావాలి. నేను స్ట్రాపులను సూటిగా అడ్డంగా కాకుండా ముందు నుంచి వెనక్కు, వెనక నుంచి ముందుకు, ఇంటూ గుర్తులా వేస్తా. బ్యాగు ముందుకూ పోదు, వెనక్కూ పోదు. భాకరాపేట ఘాట్‌లో, ఆ తర్వాత నెరబైలు నుంచి తలకోన దాకా ఉన్న గతుకుల్లో కూడా బ్యాగు పెట్టిన చోటే ఉంది.

ఇంత బరువు వేశాక టైర్లో గాలి మామూలుగానే ఉంచి పోయేవాళ్లు ఎక్కువమంది. ఇద్దరు కూర్చున్నప్పుడు వెనక టైరుకు ఎంత ఉండాలో మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటుంది, సామాను ఉన్నప్పుడు ఆ లెక్కకు దగ్గరగా పెట్టుకోండి. స్ప్లెండర్ వెనక షాకులకు ఐదు మెట్ల సర్దుబాటు ఉంది, రెండు పక్కలా ఒకే మెట్టు మీద పెట్టి ఒకటి రెండు మెట్లు గట్టి చేయండి. హెడ్‌లైటు చెట్ల కొమ్మల మీద పడకుండా కిందికి దించుకోవడం కూడా మర్చిపోవద్దు. ఇవన్నీ ఫ్రీ.

వానకు బ్యాగు మీద తొడిగే రెయిన్ కవర్ కన్నా లోపల వేసే లైనర్ నయం. కవర్ గాలికి కొట్టుకుని చిరుగుతుంది, కింద నుంచి చక్రం చిమ్మే నీళ్లకు అడ్డం ఉండదు, పైగా స్ట్రాపులు తీస్తే తప్ప కవర్ తీయలేం. బ్యాగు లోపల లావుపాటి చెత్త కవర్ ఒకటి వేసి, అందులో బట్టలు పెట్టి, మూతి మెలిపెట్టి మడిచి రబ్బరు బ్యాండు వేస్తే చాలు. నవంబరు, డిసెంబరు నెలల్లో మనకు పడే వానలు తెలుసు కదా, అందులోనే తేలింది ఇది. పీవీసీ పైపుకు రెండు మూతలు పెట్టి పనిముట్ల గొట్టం చేసుకోవడం కూడా చూశాను, నేనూ ఒకటి చేసి లెగ్ గార్డుకు క్లాంపులతో బిగించా, పర్లేదు, లోపల స్పానర్లకు గుడ్డ చుట్టకపోతే గలగల ప్రాణం తీస్తుంది.

రూల్స్ సంగతి ఒక మాట. సైడ్ ఫ్రేము పెట్టడానికి చీర గార్డు పీకేస్తామంటారు కొన్ని షాపుల్లో. పీకనివ్వకండి. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా చక్రం సగమైనా కప్పి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెప్తుంది, పట్టుకోవడానికి హ్యాండ్ గ్రిప్, ఫుట్‌రెస్ట్ కూడా అందులోనే ఉన్నాయి. 2020లో చేసిన సవరణల్లో బైకు మీద పెట్టే తేలికపాటి పెట్టెకు కూడా కొలతలు ఇచ్చారు, పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు. వెనక సీటు జాగాలో పెట్టె పెడితే ఇంకో మనిషిని ఎక్కించుకోకూడదు. ఆ కొలతలు గుర్తుపెట్టుకుని బ్యాగులు కొన్నా మంచిదే. టెయిల్ ల్యాంపు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు కప్పేస్తే మాత్రం పోలీసులు ఆపక్కర్లేదు, వెనక వచ్చే లారీయే చాలు. ఫ్రేముల వెనక వైపుకు ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించాను, ముప్పై రూపాయల పని.

ఖర్చు లెక్క అడుగుతారు కాబట్టి. ఫ్రేములు, అడ్డ పట్టీ, బోల్టులు కలిపి రెండు వేలకు కొంచెం అటూ ఇటూ. బెల్టు, కుట్టు, వాషర్లు అన్నీ కలిపి రెండు వందల లోపు. స్ట్రాపులు జత నాలుగు వందలు. బ్యాగులు ఎవరి స్తోమతు వాళ్లది. డబ్బులు తక్కువుంటే ఫ్రేములు తర్వాత చూసుకోవచ్చు, లూపులతో మొదలుపెట్టండి, సీటు మీద అడ్డంగా కట్టే ఒక్క డఫెల్ బ్యాగుకు అవి చాలు.

ఆటోనగర్ పోతే పొద్దున్నే పొండి, పెద్దాయన ఉన్నప్పుడే పని మొదలుపెట్టించండి. సీటు విప్పే స్పానరు, అట్ట కొలతలు, నిండుగా సర్దిన బ్యాగు వెంట తీసుకుపొండి, ఖాళీ బ్యాగుతో కొలత తీస్తే తప్పు వస్తుంది. పెయింట్ ఆరకుండా బండి ఇచ్చేస్తారు, ప్యాంటు చూసుకోండి.